ఓర్తా ఇల్లు: బొంబాయి కోటలోని ఒక కట్టడంపై ముగ్గురు వైద్యుల సాక్ష్యం

ముంబయి ఫోర్టు ప్రాంతంలో, టౌన్ హాలు వెనుక, ఒక పాత కోట ఉంది. నేడది ఐఎన్ఎస్ ఆంగ్రే అనే నౌకాదళ స్థావరం ఆవరణ. ఈ కోట గురించి పర్యాటక పుస్తకాలు, పత్రికా వ్యాసాలు దాదాపు ఒకే మాట చెబుతూ వస్తున్నాయి. 16వ శతాబ్దపు పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా కట్టించిన మేనర్ హౌస్ ఉన్న చోటనే ఇంగ్లీషువారు ఈ కోటను లేపారనీ, ఓర్తా బొంబాయి దీవిని 1554 నుంచి 1570 వరకు కౌలుకు అనుభవించారనీ ఆ కథనం. ఓర్తా 1568లో గోవాలో మరణించారు. మరణానంతరం రెండేళ్లు కౌలు అనుభవించడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు ఆ పుస్తకాల్లో జవాబు ఉండదు.

ఈ కథనంలో నిజానికి మూడు వేర్వేరు ప్రతిపాదనలు కలిసిపోయి ఉన్నాయి. ఓర్తాకు బొంబాయి దీవి కౌలుకు దక్కిందన్నది మొదటిది. అక్కడ ఇల్లు ఆయనే కట్టించారన్నది రెండోది. 1665లో ఇంగ్లీషువారి చేతికి వచ్చిన ఇల్లు అదేనన్నది మూడోది. మూడింటికీ ఆధారాల బలం ఒకటి కాదు. ఒకటి రుజువైతే మిగిలినవీ రుజువైనట్టు రాయడమే ఇక్కడ జరిగిన పొరపాటుగా కనిపిస్తుంది.

పరిశీలించవలసిన ముఖ్య సాక్షులు ముగ్గురూ వృత్తిరీత్యా వైద్యులు కావడం విశేషం. ఓర్తా స్వయంగా ఒకరు. 1673లో బొంబాయి చూసిన ఈస్టిండియా కంపెనీ సర్జన్ జాన్ ఫ్రయర్ రెండోవారు. 1900లో ‘ది ఆరిజిన్ ఆఫ్ బొంబే’ ప్రచురించిన డాక్టర్ జోసె జెర్సన్ ద కున్హా మూడోవారు. మొదటి ఇద్దరి మాటల్ని ఒకచోట చేర్చి కథగా మలచడంలో ద కున్హా పాత్ర ప్రధానమైనది కనుక, కాలక్రమాన్ని తలకిందులు చేసి ఆయనతోనే మొదలుపెట్టడం సబబు.

ద కున్హా 1844లో గోవాలోని అర్పోరాలో పుట్టారు. బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో చదివి, బ్రిటన్‌లో వైద్య అర్హతలు సంపాదించి, తిరిగి వచ్చి బొంబాయిలోనే ప్రాక్టీసు పెట్టారు. ఆయన రచనల్ని వరుసగా పేర్చి చూస్తే ఆసక్తి ఎటు మళ్లిందో కొంత తెలుస్తుంది. 1872లో డెంగ్యూ జ్వరంపై పుస్తకం వచ్చింది. 1875లో సింహళంలోని బుద్ధ దంతధాతువు చరిత్ర, 1876లో చౌల్, వసై పట్టణాల చరిత్ర, పురావస్తువులు, 1877లో స్కాంద పురాణంలోని సహ్యాద్రి ఖండం పరిష్కరణ, 1880లో ఇండో-పోర్చుగీసు నాణేలు, 1881లో కొంకణి భాషా సాహిత్యాలు వెలువడ్డాయి. చివరిది 1900 నాటి బొంబాయి చరిత్ర. అది రాయల్ ఏషియాటిక్ సొసైటీ బొంబాయి శాఖ పత్రికకు ప్రత్యేక సంచికగా వచ్చింది. ఆయన మరణించిందీ ఆ ఏడాదే. ఆ సొసైటీ ఉన్నది టౌన్ హాలులో. అంటే పుస్తకం వెలువడిన చోటికీ, అందులో వివాదాస్పదమైన ఇంటి స్థలానికీ మధ్య కొన్ని అడుగుల దూరమే.

వైద్యుడు పురావస్తువుల వైపు మళ్లడం ఆనాటి బొంబాయిలో అరుదేమీ కాదు. కన్హేరి గుహల దగ్గరి స్తూపాన్ని 1839లో తవ్వించిన జేమ్స్ బర్డ్ సర్జన్. శాసనాల అధ్యయనంలో పేరు తెచ్చుకున్న భావు దాజీ లాడ్ గ్రాంట్ మెడికల్ కాలేజీ తొలి పట్టభద్రుల్లో ఒకరు. 1851లో పట్టా పొందారు. (ఎన్నో శాసనాల తేదీలతో కుస్తీ పట్టిన ఆ పండితుడు పుట్టిన ఏడాది మాత్రం కొన్ని చోట్ల 1822 అనీ, కొన్ని చోట్ల 1824 అనీ కనిపిస్తుంది.) కాబట్టి ద కున్హాను ఒంటరి అభిరుచిపరుడిగా చూడటం సరికాదు. ఒక నగరంలో, ఒక కాలేజీ చుట్టూ, ఒక సొసైటీ నీడలో పెరిగిన అలవాటులో ఆయన ఒక భాగం అనుకోవచ్చు.

ఆయన్ని బొంబాయి చరిత్రకు పురికొల్పింది వైద్యవృత్తేనా? అలా ఊహించడానికి అవకాశం ఉంది. 1896 సెప్టెంబరులో మాండ్వి పేటలో ప్లేగును గుర్తించిన డాక్టర్ అకాసియో వియేగస్‌దీ అర్పోరాయే. ప్లేగు తర్వాత 1898లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఇరుకు పేటల్ని కూల్చి వీధులు వెడల్పు చేయడానికి పూనుకుంది. పాత నగరం కళ్లముందే చెదిరిపోతున్న ఆ సంవత్సరాల్లోనే బొంబాయి పుట్టుపూర్వోత్తరాల పుస్తకం రావడం గమనించదగ్గది. అయితే కాలం కలిసినంత మాత్రాన కారణం రుజువు కాదు. వసై, చౌల్ పుస్తకం ప్లేగుకు 20 ఏళ్ల ముందే వచ్చింది. స్థలచరిత్రపై ఆసక్తి అప్పటికే స్థిరపడి ఉందనడమే ఎక్కువ క్షేమం. పైగా ఆయన ప్రధానంగా ఆధారపడింది రోగుల ఇళ్లలో చూసిన గోడల మీద కాదు. పోర్చుగీసు పత్రాల మీద, నాణేల మీద.

ఇక ఓర్తా విషయం. తెలిసినంతలో ఆయన 1501 ప్రాంతంలో పోర్చుగల్‌లోని కస్తేలో ద వీదేలో, స్పెయిన్ నుంచి వచ్చి మతం మార్చుకోక తప్పని యూదు కుటుంబంలో పుట్టారు. 1534లో మార్తిం అఫోన్సో ద సూజా వెంట వైద్యుడిగా బయల్దేరి భారతదేశం వచ్చారు. తర్వాత గోవాలో స్థిరపడ్డారు. అహ్మద్‌నగర్ బుర్హాన్ నిజాం షాకు వైద్యం చేశారు. మందు మొక్కల గురించి సంభాషణల రూపంలో రాసిన ‘కొలోకియోస్’ 1563లో గోవాలోనే అచ్చయింది. బొంబాయి గురించి ఆయన నుంచి వచ్చిన ప్రత్యక్ష సాక్ష్యం ఈ పుస్తకమే. అందులో మన ప్రశ్నకు సంబంధించినవి మూడు చోట్లు.

1. బొంబాయి నేలను, దీవిని రాజు తనకు శాశ్వత కౌలుగా ఇచ్చారని ఓర్తా స్వయంగా చెప్పుకున్నారు. మొదటి ప్రతిపాదనకు ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు. తేదీ మాత్రం పుస్తకంలో సూటిగా తేలదు. వైస్రాయ్ పేద్రో మస్కరేన్యస్ హయాంలో ఈ మంజూరు జరిగిందని సాధారణంగా చెబుతారు. మస్కరేన్యస్ 1554 సెప్టెంబరులో బాధ్యత తీసుకుని 1555 జూన్‌లో మరణించారు. ఆ మాట ఒప్పుకుంటే తేదీ ఆ పది నెలల్లో ఎక్కడో ఉండాలి. అందువల్ల ‘1554’ అని ఖాయంగా రాయడం కంటే ‘1554–55’ అనడం మేలు. సిమావ్ బొతేల్యో 1554లో సిద్ధం చేసిన తోంబు, అంటే భూముల పన్నుల లెక్కల పుస్తకంలో, ఈ దీవికి మెస్త్రె దియోగు అనే మరొక కౌలుదారు పేరు ఉన్నట్టు తర్వాతి రచయితలు ఉటంకించారు. ఇది కూడా ఓర్తా కౌలు అప్పటికి కొత్తదేనన్న అభిప్రాయానికి అనుకూలమే.

‘1570 వరకు’ అన్న మాటకు ఇక్కడే ఒక సమాధానం దొరకవచ్చు. కౌలు శాశ్వతమైనదైతే మనిషితో ముగియదు, వారసులకు సంక్రమిస్తుంది. ఎవరైనా 1570 నాటి పత్రం ఏదో చూసి ఆ అంకెను ఓర్తా పేరు పక్కన వేసి ఉండవచ్చు. లేదా అది సుమారు లెక్కగా పడిన గుండ్రటి అంకె కావచ్చు. రెండూ ఊహలే. అయితే ‘ఓర్తా 1570 దాకా అనుభవించారు’ అన్న వాక్యం ఉన్నదున్నట్టుగా నిలవదన్నది ఊహ కాదు.

2. మామిడిపండ్ల గురించిన సంభాషణలో, బొంబాయిలోని ఓర్తా కౌలుదారు సిమావ్ తోస్కాను పండ్ల బుట్ట తెచ్చాడని పనిమనిషి వచ్చి చెబుతుంది. ఆ మాట చిన్నదే అయినా ఈ విచారణలో దాని బరువు ఎక్కువ. దీవి మీద ఓర్తా కింద మరొకరు ఉన్నారు. ఓర్తా గోవాలో ఉన్నారు. ఫలసాయం గోవాకు చేరుతోంది. సొంతదారు దూరాన ఉండి ఏలే ఆస్తి చిత్రమిది. ఇందుకు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఆ పుస్తకం సంభాషణల రూపంలో ఉన్న రచన. ఓర్తాతో మాట్లాడే రువానో కల్పిత పాత్రేనని పండితుల అభిప్రాయం. తోస్కాను కూడా అటువంటివాడేనా? కావచ్చు. అయితే పండ్ల బుట్ట కోసం కౌలుదారుడికి ఒక పేరు సృష్టించవలసిన అవసరం రచయితకు ఏముందో చెప్పడం కష్టం.

3. తన బొంబాయి తోటలో ఏటా రెండు కాపులు కాసే మామిడిచెట్టు ఉందని ఓర్తా అంటారు. ఇంటి చుట్టూ ఉద్యానం పెంచారన్న కథకు మూలం బహుశా ఈ చెట్టే. చెట్టు ఉందంటే తోట ఉందనుకోవడం న్యాయమే. తోట నుంచి ఇంటికి వెళ్లడం ఒక అడుగు, ఇంటి నుంచి ‘తానే కట్టించారు’ అన్న దగ్గరికి మరో అడుగు. ఆ రెండు అడుగులకూ ఈ మూడు ప్రస్తావనల్లో ఆధారం కనిపించదు. నేల ఉంది, చెట్టు ఉంది, కౌలుదారు ఉన్నాడు. ఇల్లు లేదు.

ఇల్లు లేదనడం కూడా తప్పే అవుతుంది. దీవి కౌలు ఇచ్చినచోట పన్ను వసూలుకూ, ధాన్యం నిల్వకూ ఏదో ఒక కట్టడం ఉండటం సహజం. అది ఓర్తాకు ముందు కౌలుదారుల కాలం నాటిదైనా కావచ్చు, తోస్కాను వంటి వాళ్లు కట్టుకున్నదైనా కావచ్చు. ఎంపికకు తావున్నచోట ఒకే పేరు పెట్టడం వద్దనే ఇక్కడి వాదన.

మూడో ప్రతిపాదన దగ్గర కథనం మరింత బలహీనపడుతుంది. 1568కీ 1665కీ మధ్య 97 ఏళ్లు. ఆ కాలంలో ఓర్తా పేరుకు జరిగినదేమిటో కూడా గుర్తుంచుకోవాలి. ఆయన మరణించిన మరుసటి ఏడాదే సోదరి కతరీనాను గోవా ఇంక్విజిషన్ సజీవదహనం చేసింది. 1580లో ఓర్తా ఎముకల్నే తవ్వితీసి కాల్చారు. ఆ పేరు తలుచుకోవడం పోర్చుగీసు ప్రపంచంలో క్షేమం కాని కాలంలో, ఒక ఇంటిపై ఆ పేరు జనస్మృతిలో నిలిచి ఉండే అవకాశం ఎంత? సమాధానం సూటిగా చెప్పలేకపోయినా, ‘తరతరాలుగా ఓర్తా ఇల్లుగానే పిలిచేవారు’ అన్న ధోరణి రాతల్ని అనుమానంతో చదవడానికి ఈ ప్రశ్న చాలు.

అంతకంటే గట్టి చిక్కు 1626 అక్టోబరుది. ఇంగ్లీషు, డచ్చి నౌకలు కలిసి బొంబాయిపై దాడి చేశాయి. ఆ దాడిలో ఉన్న ఒక ఇంగ్లీషు నావికుడి దినచర్య పుస్తకం అక్కడి పెద్ద ఇంటిని గిడ్డంగి, మఠం, కోట మూడూ ఒకటిగా ఉన్న కట్టడంగా వర్ణించి, అది మంటల్లో కాలిపోయిందని చెబుతుంది. ఈ వర్ణనలో గమనించవలసినవి రెండు. ఒకటి, ఓర్తా చనిపోయిన 58 ఏళ్లకే అక్కడున్నది విహారానికి కట్టిన తోట బంగళా కాదు. రెండు, ఆ కట్టడమూ కాలింది. 1661 ప్రాంతంలో మస్కట్ అరబ్బుల దాడిలో బొంబాయి ఇంటికి మళ్లీ నిప్పు అంటుకుందని కొన్ని కథనాలు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టినా 1626 సాక్ష్యం ఒక్కటే సరిపోతుంది. కాలిన ఇంటి పునాదుల మీదనే మళ్లీ కట్టారా, కొంచెం దూరాన కట్టారా అన్నది ఆ దినచర్య పుస్తకం నుంచి తేల్చలేం.

1665 ఫిబ్రవరి 18న హంఫ్రీ కుక్ ఇంగ్లండు రాజు తరఫున దీవిని స్వాధీనం చేసుకున్నారు. 1661 నాటి వివాహ ఒప్పందం ప్రకారం బ్రగాంజా రాకుమారి కేథరీన్ కట్నంలో భాగంగా బొంబాయి దక్కగా, నాలుగేళ్ల పేచీ తర్వాత జరిగిన అప్పగింత అది. పత్రం మీద సంతకాలు జరిగినది దొనా ఇగ్నెజ్ ద మిరాందా ఇంట్లో. ఆమె దోం రోద్రిగు ద మోన్సాంతో వితంతువు, అప్పటికి దీవి యజమానురాలు. ఇల్లు ఆనాడు ఉన్నదనడానికి ఇది తిరుగులేని రుజువు. ఆ పత్రం ఆ ఇంటిని ఆమె ఇల్లు అంటుందే గాని ఓర్తా ఇల్లు అనదు. 1668లో దీవి రాజు నుంచి కంపెనీకి, ఏటా 10 పౌన్ల బంగారు శిస్తుకు, చేతులు మారింది.

ఇప్పుడు రెండో వైద్యుడు. జాన్ ఫ్రయర్ 1672 చివర ఇంగ్లండు వదిలారు. 1673లో మచిలీపట్నం రేవును, మద్రాసును చూసి, ఆ ఏడాది చివరికి బొంబాయి చేరారు. (కోరమాండల్ తీరం మీదుగా వచ్చిన యాత్రికుడి రాతలు బొంబాయి చరిత్రకారులు వాడుకున్నంతగా మచిలీపట్నం చరిత్రకు వాడుకోలేదేమోనన్న అనుమానం ఈ సందర్భంలో కలగక మానదు.) ఇంగ్లీషువారు వచ్చేసరికి అక్కడ చక్కని చోట కట్టిన ఇల్లు ఒకటి ఉండేదనీ, రక్షణ మాత్రం అంతంతేననీ, నాలుగు ఇత్తడి ఫిరంగులే దిక్కనీ ఆయన రాశారు. చుట్టూ ఉన్న తోట దేశంలోనే మనోహరమైనదని చెప్పుకునేవారనీ, అలాంటి తోట ఇప్పుడు బురుజులుగా మారిందనీ వర్ణించారు. ఓర్తా మామిడితోటకు కొనసాగింపుగా చూపేది ఈ తోటనే.

ఈ సాక్ష్యానికి నాలుగు పరిమితులు ఉన్నాయి. ఫ్రయర్ చూసింది ఓర్తా చనిపోయిన 105 ఏళ్లకు. తోట అందం గురించిన మాట ఆయన విన్నది, చూసినది కాదు. ఆయన వచ్చేసరికే అది కోటపనిలో కలిసిపోయింది. పుస్తకం అచ్చయింది 1698లో, అంటే యాత్రకు పాతికేళ్ల తర్వాత. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ తోటను వేసింది పోర్చుగీసువారని ఫ్రయర్ భావం, పేరు చెప్పలేదు. ఒక వైద్యుడి తోటను మరొక వైద్యుడు వర్ణించాడన్న సరదా జత ఆకర్షణీయమైనదే. ఆకర్షణీయమైనది కనుకనే జాగ్రత్త అవసరం.

కట్టడం నుంచి నేరుగా సాక్ష్యం వస్తుందా? నేటి కోట స్థానికంగా దొరికే నీలి కుర్లా రాయితో, దక్షిణ కొంకణం నుంచి తెచ్చిన ఎర్ర లాటరైట్‌తో కట్టినదని చెబుతారు. ఆ ప్రాంతంలో ఈ రాళ్ల వాడుక ఏ ఒక్క కాలానికీ పరిమితం కాదు కనుక, కాలనిర్ణయానికి అవి సాయపడవు. కోట ద్వారం వద్ద పోర్చుగీసు సైనికులవిగా గుర్తించిన శిల్పాలు, ఆవరణలో ఒక సూర్యగడియారం ఉన్నాయి. శిల్పాలు పోర్చుగీసువే అయితే అక్కడ 1665కు ముందు కట్టడం ఉందన్నదానికి బలం చేకూరుతుంది. ఆ సంగతి మనకు పత్రాల వల్ల ముందే తెలుసు. సైనికుల బొమ్మలున్న ద్వారం 1626 నాటి గిడ్డంగి కోటకు సరిపోయినంతగా, గోవాలో కూర్చుని మామిడిపండ్లు అందుకునే వైద్యుడి తోట ఇంటికి సరిపోదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం మాత్రమే.

మరి కథనం ఇంత స్థిరంగా ఎలా నిలబడింది? జవాబు పుస్తకాల తేదీల్లో కొంత దొరుకుతుంది. ఫికాల్యో ప్రభువు ఓర్తా జీవితంపై 1886లో పుస్తకం రాసి, 1891–95లో ‘కొలోకియోస్’ను వ్యాఖ్యతో ప్రచురించారు. ద కున్హా పోర్చుగీసు చదవగలరు. బొంబాయి గురించి ఇంగ్లీషులో రాసే చాలామందికి ఆ వీలు లేదు. క్లెమెంట్స్ మార్కమ్ ఇంగ్లీషు అనువాదం 1913లో గాని రాలేదు. ఎస్.ఎం. ఎడ్వర్డ్స్ కూర్చిన బొంబాయి నగర గెజెటీరు 1909–10లో వచ్చింది. ఆ గెజెటీరును చూసి పర్యాటక పుస్తకాలు, వాటిని చూసి పత్రికలు రాశాయి. పది పుస్తకాలు ఒకే మాట చెబితే పది సాక్ష్యాలు అనిపిస్తుంది. ఇక్కడ ఆ పదీ చాలావరకు ఒకే ఊటబావి నుంచి చేదినవి కావచ్చు. ద కున్హా చూపిన పత్రాల విలువ దీనివల్ల తగ్గదు. ఆయన ఓర్తా పేరుకు ఇంటిని జతచేసిన చోట మాత్రం, గోవా మూలాలున్న ఒక బొంబాయి వైద్యుడికి గోవా నుంచి వచ్చిన మరొక వైద్యుడే నగరానికి మూలపురుషుడిగా దొరకడంలోని తృప్తి కొంత పని చేసి ఉండవచ్చు. ఇది నిరూపించదగ్గ ఆరోపణ కాదు, చదువరి మనసులో ఉంచుకోదగ్గ అవకాశం.

ఇల్లు కట్టించినవారి పేరు కోసం ఇంత వెతుకులాట సాగిన నగరంలోనే, కట్టినవారి సంగతి వేరు. కామాఠీపురకు ఆ పేరు నిజాం రాజ్యం నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీలైన కామాఠీల వల్ల వచ్చిందన్నది సాధారణంగా ఒప్పుకున్న మాట. ఆ పేట 1795 తర్వాత, దీవుల్ని కలిపే కట్టల పని జరిగాక ఏర్పడిందంటారు. అయితే ఆ కట్టల్లో పేరెన్నికగన్న హార్న్‌బీ వెల్లార్డ్ 1780లలోనే పూర్తయింది. కూలీలు పనికి ముందు వచ్చారా, పని సాగుతుండగా వచ్చారా, నేల ఎండాక గాని అక్కడ గుడిసెలు వేసుకోలేదా? ఈ పదేళ్ల తేడాను విడమరచి చూసే పని ఓర్తా ఇంటికి దక్కినంత శ్రద్ధతో జరిగినట్టు లేదు. కౌలుదారుల పేర్లు తోంబులకు ఎక్కాయి. రాళ్లు మోసినవారి పేర్లు ఎక్కలేదు. ద కున్హా వంటి పత్రప్రియుడి పద్ధతికి ఇది సహజమైన హద్దు.

ప్రస్తుతానికి చెప్పగలిగినది ఇంతే. ఓర్తా కౌలు రుజువైనట్టే భావించవచ్చు. తేదీని 1554–55గా పేర్కొనడం ఉచితం. ఇల్లు ఆయనే కట్టించారన్నది సాధ్యమే గాని నిరూపితం కాదు. 1665 నాటి ఇల్లు ఓర్తా కాలపు ఇల్లేనన్నది 1626 దహనం దృష్ట్యా సందేహాస్పదం. స్థలం ఒకటే కావచ్చు, గోడలు ఒకటేననలేం. కోట నౌకాదళం అధీనంలో ఉంది కనుక తవ్వకాల వల్ల ఇది త్వరలో తేలుతుందని ఆశించలేం. 1568 నుంచి 1626 వరకు కౌలు ఎవరెవరి చేతులు మారిందో చూపే పత్రం గోవా పురాలేఖల్లోనో, లిస్బన్‌లోనో బయటపడితే కనీసం రెండో ప్రతిపాదన మీద ఒక మాట చెప్పవచ్చు. అంతవరకు ‘ఓర్తా కట్టించిన ఇల్లు’ అన్నచోట ‘ఓర్తా కౌలు కింద ఉన్న దీవిలో, తర్వాత ఎప్పుడో నిలిచిన ఇల్లు’ అని రాస్తే ఆధారాలకు మించి పోయినట్టు కాదు.